వైన్స్‌లో వైన్ లేదు, గార్డెన్స్‌లో తోట లేదు

మా చంపాపేట్‌లో రెండు రకాల బోర్డులు ఎక్కువ. ఒకటి ‘వైన్స్’, రెండోది ‘గార్డెన్స్’. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ఈ రెండూ చదివితే ఇక్కడ ద్రాక్ష తోటలు, వాటి పక్కనే వైన్ తయారుచేసే ఇళ్లు ఉన్నాయేమో అనుకుంటారు. అసలు సంగతి మనకు తెలుసు కదా! వైన్స్ అంటే బీరు, విస్కీ, బ్రాందీ అమ్మే షాపు. గార్డెన్స్ అంటే పెళ్లిళ్లు జరిగే ఫంక్షన్ హాలు. సీజన్‌లో ఐఎస్ సదన్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా సాగర్ రోడ్డు మొత్తం బారాత్‌లతో జామ్ అయిపోతుంది. నేను కాలేజీ బస్సు దిగి నడిచి ఇంటికి పోయిన రోజులు చాలా ఉన్నాయి.

అయితే ఒకప్పుడు ఇక్కడ నిజంగానే ద్రాక్ష తోటలు ఉండేవని మా నానమ్మ చెప్తుంది. ఆమె ద్రాక్ష అనదు, అంగూర్ అంటుంది. మా తాత దేవరకొండ దిక్కు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి మొదట చేరింది అలాంటి ఒక అంగూర్ తోటలోనే. ఆ తోట ఒక కుటుంబానిది. తాత అక్కడ కొమ్మలు కత్తిరించే పని చేసేవాడు. తోట ప్లాట్లు అయిపోయిన సంవత్సరం ఒక కొమ్మ తెచ్చి మా ఇంటి వెనక బోరు పక్కన పెట్టాడు. ఆ తీగ ఇప్పటికీ ఉంది. ఇనుప పైపు పట్టుకుని మేడ మీదికి ఎక్కి, అక్కడి పందిరి మొత్తం కమ్మేసింది.

సంక్రాంతి తర్వాత మా ఇల్లు డెవలప్‌మెంట్‌కు పోతుంది. డాడీ బిల్డర్‌తో అగ్రిమెంట్ రాసుకున్నారు. నిజం చెప్పాలంటే నేను చాలా సంతోషపడ్డాను, నాకు సొంత రూమ్ వస్తుందని. ప్లాన్ కాగితం చూసినప్పుడు మాత్రం ఒక విషయం కనిపించింది. తీగ ఉన్నచోట పార్కింగ్ ర్యాంప్ వస్తోంది.

అప్పటి నుంచి ఈ తీగ గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. అది ఏ రకం? ఇంత తోటలున్న ఊరిలో ఒక్క వైనరీ కూడా ఎందుకు పుట్టలేదు? వేరే దేశాల్లో ఒక్కో కుటుంబం తరతరాలుగా ఒక్కో ద్రాక్ష రకాన్ని పట్టుకుని వైన్ చేస్తుంటే, మన రకం మన ఊళ్లోనే ఎందుకు కనబడకుండా పోయింది? నాకు దొరికిన జవాబులు మీతో పంచుకుంటాను. ముందే ఒక మాట. నాకు 19 ఏళ్లు, తెలంగాణలో తాగాలంటే 21 నిండాలి. కాబట్టి వైన్ రుచి గురించి ఇందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

రకం అంటే ఏమిటి?

ద్రాక్ష గింజ నాటితే మొక్క వస్తుంది కానీ అమ్మ మొక్క లాంటి మొక్క రాదు. మామిడి టెంక నాటితే అదే రుచి వస్తుందన్న గ్యారంటీ లేనట్టే ఇదీ. అందుకే ద్రాక్షను కొమ్మ కత్తిరించి నాటుతారు, లేదా అంటు కడతారు. అంటే ఒక రకం తీగలన్నీ ఒకప్పటి ఒకే ఒక్క మొక్కకు కాపీలు. మన భాషలో చెప్పాలంటే ప్రతి తీగా ఒక గిట్ క్లోన్.

ఎప్పుడో ఒకసారి ఒక కొమ్మలో దానంతట అదే చిన్న మార్పు వస్తుంది. కాయ కొంచెం పొడుగవుతుంది, లేదా రంగు మారుతుంది. ఆ కొమ్మను గుర్తుపట్టి విడిగా నాటితే కొత్త రకం మొదలవుతుంది. ఇది ఫోర్క్ లాంటిది. సోలాపూర్ జిల్లా నాన్నజ్ ఊరిలో నానాసాహెబ్ కాళే అనే రైతు థాంప్సన్ సీడ్‌లెస్ తోటలో ఇలాంటి మార్పునే పట్టుకుని ‘సోనాకా’ అనే రకాన్ని తీశారు. తర్వాత ఆయన కొడుకు దత్తాత్రేయ కాళే కూడా కొత్త రకాలు తీశారు. ల్యాబ్ లేదు, జీనోమ్ సీక్వెన్సింగ్ లేదు. రోజూ తోటలో తిరిగే మనుషులు, వాళ్ల కళ్లు, అంతే.

గిట్‌కూ తీగకూ ఒక పెద్ద తేడా ఉంది. కోడ్ ఎక్కడో సర్వర్‌లో పడి ఉంటుంది, పదేళ్లు ఎవరూ ముట్టకపోయినా పోదు. తీగకు సర్వర్ లేదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట దాన్ని పెంచుతూ ఉంటేనే ఆ రకం ఉన్నట్టు.

రాజుగారి ద్రాక్ష

మా నానమ్మ మా తీగను ‘అనాబ్‌సాయి’ అంటుంది. చిన్నప్పుడు సాయిబాబా పేరేమో అనుకునేవాణ్ణి. అది ‘అనాబ్-ఎ-షాహీ’. అరబీలో ఇనబ్ అంటే ద్రాక్ష, ఫార్సీలో షాహీ అంటే రాచది. రాజుగారి ద్రాక్ష అన్నమాట. దీన్ని పశ్చిమాసియా నుంచి హైదరాబాద్‌కు తెచ్చిన ఘనత అబ్దుల్ బాకర్ ఖాన్‌దని ఉద్యాన శాస్త్ర పుస్తకాలు చెప్తాయి. హైదరాబాద్ రాజ్యంలో ద్రాక్ష సాగు 20వ శతాబ్దం మొదట్లో నిజాం ప్రోత్సాహంతో పెరిగింది. అంతకు చాలా ముందే, 14వ శతాబ్దంలో, దక్కన్‌లో దౌలతాబాద్ చుట్టూ ద్రాక్ష పండేది. అక్కడ ద్రాక్ష ఏడాదికి రెండుసార్లు కాస్తుందని ఇబ్న్ బతూతా రాశాడు. ఈ ‘రెండుసార్లు’ గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో పనికొస్తుంది.

అనాబ్ కాయ పెద్దది, కోలగా ఉంటుంది. బాగా పండితే లేత తేనె రంగులోకి వస్తుంది. లోపల గింజలుంటాయి. తీగ చాలా బలంగా పాకుతుంది, అందుకే దీన్ని పందిరి మీద పెంచుతారు. రాతి కడీలు నిలబెట్టి, పైన తీగలు లాగి, మనిషి తల ఎత్తున ఆకుల కప్పు తయారుచేస్తారు. గుత్తులు కింద నీడలో వేలాడుతుంటాయి. హెక్టారుకు సగటున 35 టన్నుల దాకా కాస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. ఎకరా లెక్కలో 14 టన్నులు! రంగారెడ్డి జిల్లాకు ద్రాక్షలో పేరు రావడానికి ఈ దిగుబడే పెద్ద కారణం.

మా తాత చేసిన పని గొప్పతనం నాకు ఇప్పుడు అర్థమైంది. చల్లని దేశాల్లో చలికాలం వస్తే ద్రాక్ష ఆకులన్నీ రాల్చేసి నిద్రపోతుంది. ఎండ రాగానే లేచి పూస్తుంది. మన దగ్గర అంత చలి లేదు, కాబట్టి తీగకు నిద్ర లేదు. వదిలేస్తే ఆకులు, తీగలు పెంచుకుంటూ పోతుంది తప్ప సరిగ్గా కాయదు. అందుకే ఇక్కడ చలికాలం చేసే పని మనిషి కత్తెరతో చేస్తాడు. ఏడాదికి రెండుసార్లు. ఎండాకాలంలో కోత అయిపోయాక కొమ్మలన్నీ ఒకటి రెండు కణుపుల దాకా గట్టిగా కత్తిరిస్తారు. దాంతో కొత్త కొమ్మలు వస్తాయి, వాటి మొగ్గల లోపలే వచ్చే పంట తయారవుతుంది. తిరిగి అక్టోబర్‌లో ఇంకోసారి, ఈసారి కొన్ని కణుపులు ఎక్కువ వదిలి, కత్తిరిస్తారు. అప్పుడు పూత వస్తుంది. ఫిబ్రవరి నుంచి పండ్లు. ఇబ్న్ బతూతా చూసిన రెండు కాపుల వెనక ఉన్నది కూడా ఇదే, నిద్రపోని తీగ.

ఏ కొమ్మలో ఎన్ని కణుపులు ఉంచాలన్నదే అసలు విద్య. తక్కువ ఉంచితే పూత రాదు, ఎక్కువ ఉంచితే కాయ చిన్నదవుతుంది. “మీ తాత కొమ్మను ఏళ్లతోని ఒత్తి చూసి చెప్తుండె, గీన్నే కొయ్యాలె అని” అంటుంది నానమ్మ.

అనాబ్‌కు ఒక బలహీనత ఉంది. బూజు తెగులు తొందరగా పట్టుకుంటుంది. అక్టోబర్ కత్తిరింపు తర్వాత వాన పడిందంటే రైతు గుండె గుభేలుమంటుంది. దానికి మందు బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం నీళ్లు. వరి, మిరప, బత్తాయి ఏది వేసే రైతునడిగినా ఈ పేరు తెలుసు. కానీ ఆ ‘బోర్డో’ ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుపడ్డ ఊరని నాకు మొన్నటి దాకా తెలీదు. అక్కడి రైతులు రోడ్డు పక్క గుత్తులను దొంగలు కోసుకుపోకుండా వాటి మీద ఈ నీలం నీళ్లు చల్లేవాళ్లట. అలా చల్లిన తీగలకు తెగులు రాలేదని మిల్లార్డే అనే బోటనీ ప్రొఫెసర్ గమనించి, 1885లో ఆ సంగతి లోకానికి చెప్పాడు. వాళ్ల వైన్ మన ఊళ్లకు రాలేదు గానీ వాళ్ల దొంగల భయం నుంచి పుట్టిన మందు మాత్రం మన ప్రతి ఎరువుల షాపులోకి వచ్చింది.

మరి అనాబ్‌తో వైన్ ఎందుకు చేయలేదు?

దీనికి ఒక చిన్న లెక్క చాలు. ద్రాక్ష రసంలో చక్కెరను బ్రిక్స్ అనే కొలతలో చెప్తారు. 100 గ్రాముల రసంలో 20 గ్రాముల చక్కెర ఉంటే సుమారు 20 బ్రిక్స్. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. బ్రిక్స్‌ను 0.55తో గుణిస్తే తయారయ్యే వైన్‌లో ఆల్కహాల్ శాతం ఎంతో దాదాపుగా తెలిసిపోతుంది.

వైన్ ద్రాక్షను సాధారణంగా 22 నుంచి 24 బ్రిక్స్ దగ్గర కోస్తారు. 24ను 0.55తో గుణిస్తే 13 శాతం పైన. అనాబ్‌లో ఉండేది 14 నుంచి 16. 16ను గుణిస్తే 9 కూడా రాదు. అంత తక్కువైతే వైన్ పల్చగా ఉంటుంది, నిల్వకు కూడా కష్టం.

ఇంకో కారణం కాయ సైజు. వైన్‌కు రంగు, వగరు, వాసన చాలావరకు తొక్క నుంచే వస్తాయి. నల్ల ద్రాక్షల్లో కూడా ఎక్కువ రకాల రసం రంగు లేకుండానే ఉంటుంది, ఎరుపు ఇచ్చేది తొక్కే. చిన్న కాయల్లో గుజ్జుతో పోలిస్తే తొక్క ఎక్కువ. అనాబ్ లాంటి లావు కాయలో నీళ్లు ఎక్కువ, తొక్క తక్కువ. పైగా మంచి వైన్ చేసేవాళ్లు కాయలు తీసేసి మరీ దిగుబడి తగ్గించుకుంటారు, మిగిలిన గుత్తుల్లో రుచి చిక్కబడాలని. ఎకరాకు 14 టన్నులు కాయడం తినే ద్రాక్షకు వరం, వైన్ ద్రాక్షకు శాపం.

అంటే అనాబ్ చెడ్డ ద్రాక్ష అని కాదు. అది గిన్నెలో పెట్టుకుని తినడానికి పుట్టింది. కానీ తినే ద్రాక్షకు ఒక కష్టం ఉంది, దాన్ని వెంటనే అమ్మేయాలి. కోసిన రోజు రేటు ఎంతుంటే అంతే. వైన్ అలా కాదు, సీసాలో ఆగుతుంది. సీసా మీద ఊరి పేరు, ఇంటి పేరు, ద్రాక్ష పేరు ఉంటాయి. కుటుంబ వైనరీల బలమంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఇంటి పేరుతో వైన్

జార్జియా దేశంలో సుమారు 8,000 ఏళ్ల నాటి మట్టికుండల్లో వైన్ ఆనవాళ్లు దొరికాయి. అక్కడ పల్లెల్లో చాలా ఇళ్లకు సొంత ద్రాక్ష పందిరి, వైన్ చేసుకునే గది ఉంటాయి. క్వెవ్రీ అనే పెద్ద మట్టి జాడీలను మెడ దాకా నేలలో పాతిపెట్టి అందులో వైన్ పులియబెడతారు. మన ఇళ్లలో గాదెలు, ఆవకాయ జాడీలు ఎలాగో వాళ్లకు అవి అలాగ. 2013లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ చిన్న దేశంలో 500కు పైగా సొంత ద్రాక్ష రకాలున్నాయి. సోవియట్ కాలంలో ఫ్యాక్టరీలు ర్కాట్సిటెలి, సపెరావి లాంటి కొన్ని రకాలనే ఎక్కువగా పెంచాయి. మిగతావాటిలో చాలా రకాలు నిలబడటంలో ఇళ్ల వెనక పందిళ్లకు కూడా భాగం ఉంది. నా భాషలో అవి బ్యాకప్ కాపీలు.

మన దేశం విషయానికొస్తే ఈ కథ చిన్నది, కొత్తది. కన్వల్ గ్రోవర్ కుటుంబం బెంగళూరు దగ్గర నంది కొండల కింద ఫ్రెంచ్ రకాలు నాటి 1988లో కంపెనీ పెట్టింది. రాజీవ్ సామంత్ కథ మన బ్రాంచ్ వాళ్లకు నచ్చుతుంది. ఆయన అమెరికాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలేసి నాసిక్ దగ్గర సొంత కుటుంబం భూమికి తిరిగొచ్చారు. ముందు మామిడి, తినే ద్రాక్ష లాంటివి ప్రయత్నించి, చివరికి వైన్ ద్రాక్ష నాటి సులా మొదలుపెట్టారు.

మన తెలుగువాళ్లు లేరా అంటే ఉన్నారు. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల కంపెనీ పెట్టిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి కర్ణాటకలో హంపి కొండల దగ్గర ‘క్రస్మా’ అనే వైనరీ పెట్టారు. కృష్ణలోంచి కొంత, ఉమలోంచి కొంత తీసుకుని కలిపిన పేరు అది. సొంత తోటలో పండిన ద్రాక్షతోనే సొంత వైన్ చేసే పద్ధతి వాళ్లది. అసలైన కుటుంబ వైనరీ అంటే అదే మరి. అక్కడ పండేవి కాబర్నే సావిన్యాన్, సాంజోవేజె, షార్డనే లాంటి రకాలు. మొదటిది, చివరిది ఫ్రాన్స్‌వి, మధ్యది ఇటలీది. హైదరాబాద్ కుటుంబమే గానీ హైదరాబాద్ ద్రాక్ష కాదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, పైన చెప్పిన బ్రిక్స్ లెక్క వాళ్లకూ వర్తిస్తుంది.

మరి స్థానిక రకానికి పేరొచ్చిన చోటు లేదా? ఉంది, మన పక్కనే. చిక్కబళ్లాపూర్, కోలార్, బెంగళూరు గ్రామీణ జిల్లాల్లో ‘బెంగళూరు బ్లూ’ పండుతుంది. చిక్కబళ్లాపూర్, కోలార్‌లలో తెలుగు మాట్లాడే రైతులు చాలామంది. నల్లటి చిన్న కాయ, గింజ ఉంటుంది, తొక్క మందం, ఘాటైన వాసన. తినడానికి థాంప్సన్ అంత సుఖంగా ఉండదు. కానీ జ్యూస్‌కూ తియ్యటి వైన్‌కూ పనికొస్తుంది కాబట్టి బతికింది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తమిళనాడులో కంబం లోయ పన్నీరు ద్రాక్షకు 2023లో అదే గుర్తింపు దక్కింది. పన్నీరు అంటే పాలతో చేసేది కాదండోయ్, రోజ్‌వాటర్. ఆ వాసన వల్ల ఆ పేరు.

ఇక అనాబ్ కొమ్మలో వచ్చిన మార్పు నుంచి పుట్టిన ‘దిల్‌ఖుష్’ అనే రకం ఇప్పుడు ఎక్కువగా పండేది కూడా ఆ కర్ణాటక జిల్లాల్లోనే. దిల్‌ఖుష్ అన్నా దిల్‌సుఖ్ అన్నా దాదాపు ఒకే అర్థం, మనసుకు హాయి. దిల్‌సుఖ్‌నగర్ పక్కన పండిన ద్రాక్ష వారసుడు దిల్‌ఖుష్ పేరుతో కర్ణాటకలో సెటిలయ్యాడు.

మన తోటలు ఎలా పోయాయి?

ఒక్క కారణం కాదు, అన్నీ కలిసి వచ్చాయి. మొదటిది గింజ. గింజ లేని థాంప్సన్ వచ్చాక జనం గింజ ఉన్న ద్రాక్ష కొనడం తగ్గించేశారు. నేనూ అంతే, మా మేడ మీది కాయలు వదిలేసి మార్కెట్ నుంచి సీడ్‌లెస్ తెమ్మని మమ్మీతో గొడవపడేవాణ్ణి. రెండోది, థాంప్సన్ ఎండబెడితే కిస్‌మిస్ అవుతుంది. మహారాష్ట్ర రైతుకు పచ్చి పండు రేటు పడిపోతే ఎండబెట్టి దాచుకునే దారి ఉంది. గింజ ఉన్న, నీళ్లెక్కువ ఉన్న అనాబ్‌కు ఆ దారి లేదు. మూడోది నీళ్లు. ద్రాక్షకు బోరు నీళ్లు నమ్మకంగా ఉండాలి, నగరం పెరిగేకొద్దీ బోర్లు లోతుకు పోయాయి. నాలుగోది కూలీలు. కత్తెర పట్టడం తెలిసినవాళ్లు కావాలి. మా తాత లాంటివాళ్లు వాచ్‌మన్లు, మేస్త్రీలు అయిపోయారు. మా తాత చివరికి ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్‌గా చేశాడు. ఆయన డ్యూటీ చేసిన చోటు కూడా గార్డెన్సే.

చివరిది, అన్నిటికంటే పెద్దది, భూమి రేటు. ఎకరాకు 14 టన్నులు కాసినా ఆ డబ్బు ప్లాట్లు కొట్టి అమ్మితే వచ్చే డబ్బు పక్కన నిలబడదు. ఆ తోట ఓనర్లను నేను తప్పు పట్టలేను. ఎందుకంటే ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్నది కూడా అదే కదా, కాకపోతే మాది 120 గజాలు. చివరికి కొత్తపేట పండ్ల మార్కెట్ కూడా ఊరు దాటి బాటసింగారం వెళ్లిపోయింది.

ఒకవేళ అనాబ్ నుంచి ఏదైనా నిల్వ ఉండే వస్తువు, దానికొక పేరు, దాన్ని పట్టుకున్న నాలుగు కుటుంబాలు ఉండి ఉంటే? భూమి రేటు ముందు అవీ నిలబడేవి కావేమో. కానీ కనీసం తోట ఇబ్రహీంపట్నం దిక్కో, ఇంకా అవతలికో జరిగేది. పూర్తిగా మాయమయ్యేది కాదు.

విచిత్రమేంటంటే అనాబ్ పిల్లలకు వైన్ చేసే గుణం వచ్చింది. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ బెంగళూరు బ్లూను అనాబ్-ఎ-షాహీతో కలిపి ‘అర్క హంస్’ అనే రకాన్ని తయారుచేసింది. అనాబ్‌ను ‘క్వీన్ ఆఫ్ ది వైన్‌యార్డ్స్’ అనే రకంతో కలిపి ‘అర్క సోమ’ తీసింది. రెండూ వైట్ వైన్‌కు పనికొచ్చేవే. అమ్మానాన్నల్లో ఒకరు బతికి ఉండబట్టే ఈ పిల్లలు పుట్టారు. పాత రకాన్ని ఉంచుకోవడం సెంటిమెంట్ కోసం మాత్రమే కాదు, రేపు ఎవరికి ఏ గుణం అవసరమవుతుందో ఎవరికీ తెలీదు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ చాలా రకాల తీగలు పెంచుతున్నారు. మన దగ్గర మెయిన్ కాపీ అదే. కానీ ఒకే చోట ఉన్న కాపీని బ్యాకప్ అనరని మనకు రెండో సెమిస్టర్‌లోనే చెప్పారు.

పన్నెండు కొమ్మలు

అక్టోబర్‌లో దసరా సెలవులకు నానమ్మను మేడ మీద కుర్చీలో కూర్చోబెట్టి, తాత కత్తెరకు నూనె రాసి, నేనే కత్తిరించాను. ఆమె చెప్తుంటే నేను కోశాను. మూడుసార్లు తప్పు కోసి తిట్లు తిన్నాను. కోసిన వాటిలో పెన్సిల్ మందం ఉన్న ముదురు కొమ్మలు పన్నెండు ఏరాము. ఒక్కోదానికి నాలుగు కణుపులు. కింది కోత కణుపుకు దగ్గరగా, తిన్నగా. పై కోత కొంచెం ఏటవాలుగా, తలకిందులుగా నాటకుండా గుర్తు కోసం. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పేడ కలిపిన నల్ల కవర్లలో రెండు కణుపులు లోపలికి పోయేలా పెట్టి నీడలో ఉంచాము.

మూడు వారాలకు తొమ్మిది చిగుర్లేశాయి. నేను స్టేటస్ పెట్టేశాను. నానమ్మ మాత్రం నవ్వింది. “ఆకు జూసి మురవకు బిడ్డా, ఏరు రావాలె” అంది. ఆమె చెప్పిందే నిజమైంది. కొమ్మలో దాచుకున్న ఆహారంతో ముందు ఆకు వస్తుంది. వేరు రాకపోతే ఆ నిల్వ అయిపోగానే ఎండిపోతుంది. నవంబర్ చివరికి ఆరు ఎండిపోయాయి. మూడు బతికాయి. వాటికి కవరు అడుగు నుంచి తెల్లటి వేర్లు కనబడుతున్నాయి.

అసలు తీగకు ఈసారి కూడా పూత వచ్చింది. ఇప్పుడు పిందెలు కందిగింజంత ఉన్నాయి. పండేది మార్చిలో. ఇల్లు కూల్చేది జనవరిలో. డాడీని రెండు నెలలు ఆపమని అడిగాను. బిల్డర్ తేదీలు, అద్దె ఇల్లు, బ్యాంకు లోను, అన్నీ వివరంగా చెప్పారు. చెప్పి, రాత్రి ఒక్కరే మేడ మీదికి పోయి చాలాసేపు పందిరి కింద కూర్చున్నారు. తాత కొడుకు కదా ఆయన కూడా. నేను మళ్లీ అడగలేదు.

నేను అనుకున్నంత బాధ నానమ్మ పడలేదు. “తీగకేంది బిడ్డా, కొమ్మ పెడితే వస్తది. పెట్టెటోళ్లు ఉండాలె” అంది. నేను ఇన్ని రోజులు చదివినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. జార్జియా పందిళ్లయినా, నాన్నజ్‌లో కాళే వాళ్ల తోటయినా, హంపి కొండల్లో వైనరీ అయినా, అన్నిచోట్లా పెట్టేవాళ్లు ఉన్నారు. ఒకరి తర్వాత ఇంట్లో ఇంకొకరు కత్తెర పట్టారు.

మూడు మొక్కల్లో ఒకటి కర్మన్‌ఘాట్‌లో మేం అద్దెకు దిగబోయే ఇంటి మేడ మీద డ్రమ్ములో పెడుతున్నాం. రెండోది ఇబ్రహీంపట్నం దగ్గర పొలం ఉన్న మా క్లాస్‌మేట్ తీసుకుంటానన్నాడు. మూడోదానికి చోటు వెతుకుతున్నాను. మన కాలేజీ వర్క్‌షాప్ వెనక ఫెన్సింగ్ దగ్గర ఎండ బాగా వస్తుంది, పక్కనే నల్లా కూడా ఉంది. పర్మిషన్ కోసం లెటర్ రాశాను. క్లబ్ వాళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు ఎవరైనా దాని మీద సంతకం పెడితే బలం వస్తుంది. రెండేళ్లలో నేను వెళ్లిపోతాను కాబట్టి ఫస్టియర్ వాళ్లలో ఒక్కరైనా కావాలి, అక్టోబర్‌లో కత్తెర పట్టడానికి. నేర్పించే బాధ్యత నాది. ఎక్కడ కోయాలో ఒత్తి చూసి చెప్పడం నాకింకా రాదు గానీ, ఎక్కడ కోయకూడదో మూడు చోట్లు మాత్రం బాగా తెలుసు.